స్వీడన్ క్రిస్మస్ బేకింగ్, గ్లోగ్: సరుకుల ఎంపిక నుంచి వడ్డన దాకా సమగ్ర మార్గదర్శి

నవంబరు చివరికి వచ్చేసరికి స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ నగరాల్లో ఉంటున్న తెలుగువారి నుంచీ, మన దగ్గర ఇంట్లో ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) పెట్టుకున్నవారి నుంచీ ఏటా ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. కుంకుమపువ్వు వేసి చేసే లుస్సెకట్టర్ బన్నులు మరునాటికే ఎందుకు ఎండిపోతున్నాయి? మసాలా బిస్కెట్లయిన పెప్పర్‌కాకోర్ ఓవెన్‌లోకి వెళ్లగానే అచ్చు ఆకారం ఎందుకు పోగొట్టుకుంటున్నాయి? వేడివేడిగా తాగే మసాలా వైన్ అయిన గ్లోగ్ ఎందుకు చేదెక్కుతోంది?

మూడింటికీ జవాబు దాదాపు ఒక్కటే. బన్నుకు పిండి ఎక్కువవుతోంది, బిస్కెట్‌కు తొందర ఎక్కువవుతోంది, గ్లోగ్‌కు మంట ఎక్కువవుతోంది. కొలతలు ఏ ప్యాకెట్ వెనక చూసినా దొరుకుతాయి. వాటిని ఏ వరుసలో వాడాలో, ఏ దశలో చెయ్యి ఆపాలో మాత్రం ప్యాకెట్ చెప్పదు కాబట్టి ఈ వ్యాసం ఎక్కువగా ఆ విషయాల మీదే నిలుస్తుంది.

## 1. ముందు క్యాలెండర్ చూసుకోండి

స్వీడన్‌లో ఈ వంటలన్నీ ఒకే రోజు చేసేవి కావు. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారం మొదటి అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది. గ్లోగ్ ఆ రోజు నుంచి మొదలవుతుంది. డిసెంబరు 13న లూసియా పండుగ. తెల్లవారుజామున కాఫీతో పాటు లుస్సెకట్టర్, పెప్పర్‌కాకోర్ పెడతారు. అసలు పండుగ భోజనం డిసెంబరు 24న జరుగుతుంది.

అందువల్ల పనులను ఈ వరుసలో పెట్టుకుంటే వంటగదిలో ఒత్తిడి ఉండదు:

- నవంబరు చివరి వారం: గ్లోగ్ కోసం మసాలా దినుసులు నానబెట్టాలి.
- డిసెంబరు మొదటి వారం: పెప్పర్‌కాకోర్ పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి, మరునాడు కాల్చి డబ్బాలో దాచుకోవాలి.
- డిసెంబరు 11 రాత్రి: కుంకుమపువ్వు నానబెట్టాలి.
- డిసెంబరు 12 సాయంత్రం: లుస్సెకట్టర్ కాల్చాలి.
- డిసెంబరు 20 తర్వాత: క్నెక్ అనే పాల మీగడ టాఫీ చేసుకోవాలి.

స్వీడన్‌లో ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 3.5 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న పానీయాలను సూపర్‌మార్కెట్లలో అమ్మరు. ప్రభుత్వ దుకాణమైన సిస్టెమ్‌బొలాగెట్‌లోనే కొనాలి. అది ఆదివారాలు తెరవదు, శనివారం పెందలాడే మూసేస్తారు, 20 ఏళ్లు నిండనివారికి అమ్మరు. మొదటి అడ్వెంట్ వచ్చేదే ఆదివారం కనుక వైన్ శుక్రవారానికల్లా ఇంట్లో ఉండాలి.

## 2. కొలతలు, సరుకులు

స్వీడిష్ వంటల పుస్తకాలు పిండినీ చక్కెరనూ డెసీలీటర్లలో చెబుతాయి. ఒక డెసీలీటరు అంటే 100 మి.లీ. ఆ కొలతతో మైదా సుమారు 60 గ్రాములు, చక్కెర సుమారు 90 గ్రాములు తూగుతాయి. పిండిని కొలపాత్రలో అదిమి నింపితే ఇదే కొలత 70 గ్రాములు దాటిపోతుంది, బన్ను గట్టిపడటం అక్కడే మొదలవుతుంది. కాబట్టి చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కొని గ్రాముల్లోనే పనిచేయండి. ఈ వ్యాసంలో ఘనపదార్థాలు ఎక్కువగా గ్రాముల్లోనే ఉన్నాయి. చిన్న చెంచా అంటే 5 మి.లీ., పెద్ద చెంచా అంటే 15 మి.లీ.

కుంకుమపువ్వు. స్వీడన్‌లో ఇది అర గ్రాము పొట్లాలలో, పొడిగా దొరుకుతుంది. ఖరీదైన సరుకు కాబట్టి చాలా దుకాణాల్లో బిల్లు కౌంటర్ దగ్గరే ఉంచుతారు. మన దగ్గర రేకులుగా చిన్న డబ్బాల్లో దొరుకుతుంది. గోరువెచ్చని నీటిలో రెండు రేకులు వేసి చూడండి. అసలైనది మెల్లగా పసుపురంగు వదులుతుంది, రేకు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వేసిన క్షణంలోనే నీళ్లు ఎర్రబడి రేకు తెల్లబోతే అది రంగు అద్దిన సరుకు.

యీస్ట్. స్వీడన్‌లో తాజా యీస్ట్ 50 గ్రాముల ముక్కలుగా దొరుకుతుంది. తీపి పిండి కోసమని వేరే రకం కూడా అమ్ముతారు, బన్నులకు అదే తీసుకోండి. మన దగ్గర ఇన్‌స్టంట్ డ్రై యీస్ట్ సరిపోతుంది. తాజా యీస్ట్ 25 గ్రాములకు బదులు డ్రై యీస్ట్ 8 గ్రాములు లెక్క.

కెసెల్లా లేదా క్వార్గ్. బన్నులో తడి నిలబెట్టే పుల్లని, చిక్కటి పాల పదార్థం ఇది. దొరకని చోట గడ్డపెరుగును పలుచని గుడ్డలో కట్టి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీసి, నీరు పోయాక వాడుకోవచ్చు. పెరుగు మరీ పులిసినదై ఉండకూడదు.

సిరప్. స్వీడన్‌లో వాడేది చక్కెర దుంప నుంచి తీసిన సిరప్. లేతరంగుదీ ముదురుదీ రెండూ దొరుకుతాయి. ఇక్కడ గోల్డెన్ సిరప్ దానికి దగ్గరగా ఉంటుంది. బెల్లం పాకం కూడా పనిచేస్తుంది, కాకపోతే బిస్కెట్ రుచి మనవైపు కొంచెం జరుగుతుంది. తేనె మాత్రం వద్దు, అంచులు త్వరగా మాడతాయి.

శాకాహారులకు ఒక మాట: ఇక్కడ చెబుతున్న బన్ను పిండిలో గానీ, పెప్పర్‌కాకోర్ పిండిలో గానీ గుడ్డు లేదు. బన్ను పైన పూయడానికి మాత్రమే గుడ్డు కావాలి. దాని బదులు పాలలో కొంచెం వెన్న కరిగించి పూస్తే మెరుపు తగ్గుతుందే తప్ప రుచికి లోటు రాదు.

## 3. లుస్సెకట్టర్

ఈ కొలతతో 60 గ్రాముల బన్నులు సుమారు 18 వస్తాయి.

- మైదా 525 గ్రాములు
- పాలు 250 మి.లీ.
- నీరు తీసిన పెరుగు లేదా క్వార్గ్ 125 గ్రాములు
- ఉప్పు లేని బటర్ 90 గ్రాములు, మెత్తగా ఉండాలి
- చక్కెర 90 గ్రాములు
- కుంకుమపువ్వు అర గ్రాము
- ఇన్‌స్టంట్ యీస్ట్ 8 గ్రాములు
- ఉప్పు అర చిన్న చెంచా
- ఎండుద్రాక్ష 36
- పైన పూయడానికి ఒక గుడ్డు

### 3.1 కుంకుమపువ్వును ముందు రాత్రే సిద్ధం చేయండి

రేకులైతే వాటిని కాగితంలో మడిచి, పొయ్యి మీంచి దించిన వెచ్చని పెనం మీద అర నిమిషం ఉంచండి. తేమ పోయి పెళుసెక్కుతాయి. తర్వాత ఒక చిన్న చెంచా చక్కెరతో కలిపి చిన్న రోట్లో నూరండి. చక్కెర పలుకుల రాపిడికి రేకులు పూర్తిగా పొడి అవుతాయి. ఒట్టి రేకులను ఎంత నూరినా అంత మెత్తగా నలగవు.

ఈ పొడిలో రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని పాలు పోసి మూతపెట్టండి. స్వీడన్‌లో చాలామంది పాల బదులు ఒక చెంచా వోడ్కా గానీ బ్రాందీ గానీ వాడతారు, రంగూ సువాసనా ఇంకొంచెం బాగా దిగుతాయి. అరగంట తప్పనిసరి, రాత్రంతా నానితే మేలు. మొదట గిన్నె అంచున లేత పసుపు గీత కనిపిస్తుంది. తెల్లారేసరికి ఆ రెండు చెంచాల పాలూ ముదురు నారింజరంగుకు తిరిగి ఉంటాయి.

రంగు చాలదనిపించి కుంకుమపువ్వు రెట్టింపు చేయకండి. మోతాదు మించితే మందు వాసన వస్తుంది. రంగు కోసం పసుపు కలపడం అంతకంటే పెద్ద పొరపాటు, మొదటి కొరుకులోనే తెలిసిపోతుంది.

యాలకుల డబ్బా వైపు కూడా చెయ్యి పోనివ్వకండి. తీపి వంట అనగానే యాలకులు వేయడం మనకు అలవాటు, స్వీడన్‌వారికీ మామూలు బన్నుల్లో యాలకులంటే ప్రాణమే. ఈ ఒక్క బన్నును మాత్రం కుంకుమపువ్వుకే వదిలేయాలి.

### 3.2 పిండి కలపడం

1. పాలను 37 డిగ్రీలకు వెచ్చబెట్టండి. వేలు ముంచితే వేడీ చలీ తెలియకూడదు. అంతకంటే బాగా వేడెక్కితే యీస్ట్ చచ్చిపోతుంది.
2. పాలలో నానిన కుంకుమపువ్వు, పెరుగు, చక్కెర, ఉప్పు కలపండి. తాజా యీస్ట్ అయితే పాలలోనే కరిగించండి. డ్రై యీస్ట్ అయితే మైదాలో కలపండి.
3. మైదాలో 50 గ్రాములు పక్కన ఉంచి, మిగిలినదంతా ఒకేసారి వేసి తడి తగిలేదాకా కలపండి. మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి.
4. పది నిమిషాలు పిసికాక బటర్‌ను చిన్న ముక్కలుగా, ఒకటి కలిశాక ఇంకొకటి చొప్పున చేర్చండి.
5. మరో ఎనిమిది, పది నిమిషాలు పిసకండి.

మూడో మెట్టు దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. పిండి గిన్నెకూ చేతులకూ అంటుకుపోయి దారికి రానట్టు కనిపిస్తుంది, గుప్పెడు మైదా చల్లుదామనిపిస్తుంది. చల్లకండి. ఇది చపాతీ ముద్ద కాదు. దానికంటే చాలా మెత్తగా, కొంచెం జిగటగానే ఉండాలి. పిసుకుతున్న కొద్దీ గోధుమలోని గ్లూటెన్ వలలా అల్లుకొని తడిని తనలోనే పట్టుకుంటుంది. పన్నెండో నిమిషం తర్వాత పిండి గిన్నె గోడలను తనంతట తానే వదిలి ఒక్క ముద్దగా తిరగడం మొదలుపెడుతుంది. అడుగున మాత్రం రూపాయి బిళ్లంత మేర అంటుకొని ఉంటుంది. ఆగవలసింది అక్కడే.

చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్లతో సాగదీస్తే తెగకుండా, వెలుతురు కనిపించేంత పలుచగా రావాలి. వెంటనే తెగితే ఇంకో మూడు నిమిషాలు పిసకాలి. పక్కన ఉంచిన 50 గ్రాములు పిండి పూర్తిగా కారిపోతున్నట్టు ఉన్నప్పుడే, ఒక్కో చెంచా చొప్పున వాడాలి. మైదా రకాన్ని బట్టి నీరు పీల్చుకునే గుణం మారుతుంది కాబట్టి ఒక్కోసారి అది మొత్తం మిగిలిపోవచ్చు, ఒక్కోసారి మొత్తం పట్టవచ్చు.

### 3.3 మొదటి పొంగు

గిన్నెకు మూతపెట్టి పిండి రెట్టింపయ్యేదాకా ఉంచండి. వెచ్చని గదిలో 45 నిమిషాల నుంచి గంట పడుతుంది, చలి వంటగదిలో గంటన్నర దాటవచ్చు. వెన్న, చక్కెర ఎక్కువగా ఉన్న పిండిలో యీస్ట్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి గడియారాన్ని కాక గిన్నెను చూడండి. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి, అందులో గిన్నె పెడితే చాలు. వేడినీళ్ల మీద పెట్టకండి, వెన్న కరిగి పిండి నూనె కారుతుంది.

### 3.4 ఎస్ ఆకారం చుట్టడం

1. పిండిని 60 గ్రాముల ఉండలుగా తూచి, ఐదు నిమిషాలు గుడ్డ కప్పి ఉంచండి. ఈ విరామం ఇవ్వకపోతే తాడు సాగదు, వెనక్కి లాక్కుంటుంది.
2. పొడిపిండి చల్లకుండా, ఒట్టి బల్ల మీద ఒక్కో ఉండను 25 సెంటీమీటర్ల తాడుగా పేనండి.
3. ఒక కొసను పైవైపుకు, రెండో కొసను కిందివైపుకు మధ్యదాకా చుట్టండి.
4. బేకింగ్ పేపర్ పరిచిన ట్రే మీద దూరందూరంగా పెట్టి, తడిగుడ్డ కాక పొడిగుడ్డ కప్పండి.
5. మళ్లీ 30 నుంచి 40 నిమిషాలు పొంగనివ్వండి. వేలితో మెల్లగా నొక్కితే పడిన గుంట నిదానంగా సగం పూడాలి.

ఎండుద్రాక్షను అరగంట వేడినీళ్లలో నానబెట్టి, గుడ్డతో తుడిచి, ఓవెన్‌లో పెట్టే ముందు ఒక్కో చుట్ట నడిమధ్యలో లోతుగా గుచ్చండి. పైపైన పెడితే పొంగేటప్పుడు రాలిపోతాయి, లేదా నల్లగా మాడి చేదెక్కుతాయి.

### 3.5 కాల్చడం

గిలకొట్టిన గుడ్డును పలుచగా పూసి, 225 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్ మధ్య అరలో 6 నుంచి 8 నిమిషాలు కాల్చండి. ఓటీజీలో పైకడ్డీ బన్నుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి 210 డిగ్రీలు పెట్టి, కింది అరలో 8 నుంచి 10 నిమిషాలు ఉంచండి. కనీసం 15 నిమిషాలు ముందుగా వేడిచేయడం తప్పనిసరి.

తక్కువ వేడి మీద నిదానంగా కాలుద్దామన్న ఆలోచన కేకుకు పనికొస్తుంది గానీ ఇక్కడ పనికిరాదు. బన్ను ఎంతసేపు ఓవెన్‌లో ఉంటే అంత తడి పోతుంది. అడుగు లేత గోధుమరంగుకు రాగానే తీసేయండి. థర్మామీటరు ఉంటే లోపల 95 డిగ్రీలు చూపించాలి.

తీసిన వెంటనే జాలీ మీదకు మార్చి, పైన గుడ్డ కప్పి చల్లార్చండి. ఆవిరి బన్నులోనే కొంత నిలిచి పైపొర మెత్తగా ఉంటుంది. పూర్తిగా చల్లారాక ఆ రోజు తినేవి ఉంచుకొని, మిగిలినవి అదే రాత్రి గాలి చొరని సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. మామూలు ఫ్రిజ్‌లో పెడితే మైదా బన్ను ఇంకా త్వరగా గట్టిపడుతుంది.

### 3.6 ఎక్కడ తప్పు జరిగిందో గుర్తించడం

- చుట్ట విడిపోయింది: తాడు పేనేటప్పుడు పొడిపిండి ఎక్కువ చల్లారు, లేదా రెండో పొంగు చాలక ఓవెన్‌లో ఒక్కసారిగా చిట్లింది.
- ఆకారం చదునుగా పరుచుకుంది: రెండో పొంగు మించిపోయింది. తర్వాతి ట్రేని పది నిమిషాలు ముందే కాల్చండి.
- లోపల పొడిపొడిగా ఉంది: పిండి ఎక్కువ, లేదా సమయం ఎక్కువ. మిగిలినవాటిని ముక్కలు కోసి, పాలు, చక్కెర, గుడ్డు కలిపిన మిశ్రమంలో నానబెట్టి పుడ్డింగ్‌గా కాల్చుకోవచ్చు.
- అక్కడక్కడా ఎర్రని చుక్కలు: కుంకుమపువ్వు నలగలేదు. రుచికి ఢోకా లేదు.
- గంటన్నర దాటినా పొంగలేదు: వెచ్చని చోటుకు మార్చి ఇంకో గంట చూడండి. అప్పటికీ కదలిక లేకపోతే కొత్త యీస్ట్‌ను రెండు చెంచాల వెచ్చని పాలలో కరిగించి పిసికి కలపవచ్చు.

## 4. పెప్పర్‌కాకోర్

- ఉప్పు లేని బటర్ 100 గ్రాములు
- చక్కెర 150 గ్రాములు
- సిరప్ 40 మి.లీ.
- నీళ్లు 60 మి.లీ.
- దాల్చినచెక్క పొడి 2 చిన్న చెంచాలు
- శొంఠి పొడి 2 చిన్న చెంచాలు
- లవంగాల పొడి 1 చిన్న చెంచా
- యాలకుల పొడి అర చిన్న చెంచా
- వంటసోడా ముప్పావు చిన్న చెంచా
- మైదా 300 గ్రాములు

### 4.1 పిండి, ఒక రాత్రి విశ్రాంతి

చక్కెర, సిరప్, నీళ్లు, మసాలా పొడులు కలిపి ఒక పొంగు రాగానే దించండి. వెన్న ముక్కల మీద పోసి కరిగేదాకా తిప్పండి. గోరువెచ్చగా చల్లారాకే వంటసోడా కలిపిన మైదా వేయాలి. వేడి మీద వేస్తే సోడా బలమంతా గిన్నెలోనే ఖర్చైపోతుంది.

ఇప్పుడు పిండి దోసెపిండికీ పూరీపిండికీ మధ్యలో ఎటూ కాకుండా ఉంటుంది. కంగారుపడి మైదా చేర్చకండి. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న గడ్డకట్టి, మైదా తడి పీల్చుకొని, పొద్దుటికి కత్తితో కోయవలసినంత గట్టిపడుతుంది. మసాలా ఘాటు కూడా ఈ విరామంలోనే సర్దుకుంటుంది. ఫ్రిజ్‌లో వారం దాకా నిలవ ఉంటుంది.

### 4.2 ఒత్తడం, కోయడం

పిండిలో పావు వంతు మాత్రమే బయటికి తీసి, మిగతాది ఫ్రిజ్‌లోనే ఉంచండి. బేకింగ్ పేపర్ మీదే 2 మిల్లీమీటర్ల మందంగా ఒత్తి, అచ్చులతో కోసి, ఆకారాలను కదపకుండా వాటి మధ్య మిగిలిన పిండిని లాగేయండి. ఒత్తిన చోటి నుంచి ట్రేకు మార్చే పని ఉండదు కాబట్టి గుండె ఆకారం గుండెలాగే ఉంటుంది. ఎండాకాలం లాంటి డిసెంబరు ఉండే మన కోస్తా ఊళ్లలో, కోసిన కాగితాన్ని ట్రేతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు కాల్చండి.

### 4.3 కాల్చడం

200 డిగ్రీల వద్ద 4 నుంచి 5 నిమిషాలు. ఓటీజీలో 180 డిగ్రీల వద్ద 6 నుంచి 7 నిమిషాలు. పిండే గోధుమరంగులో ఉంటుంది కనుక కాలిందో లేదో కంటికి తెలియదు. మొదటి విడతలో నాలుగే పెట్టి మీ ఓవెన్ సమయం తేల్చుకోవడం మంచిది. ఓవెన్‌లోంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. అరగంట తర్వాత కూడా వంగుతుంటే మళ్లీ రెండు నిమిషాలు కాల్చండి.

రేకు డబ్బాలో కొన్ని వారాలు నిలవ ఉంటాయి. తేమకు మెత్తబడితే 150 డిగ్రీల వద్ద మూడు నిమిషాలు వేడిచేస్తే తిరిగి కరకరలాడతాయి. బన్నులూ ఇవీ ఒకే డబ్బాలో పెట్టవద్దు. బన్నులోని తడి వీటికి పడుతుంది, రెండూ పాడవుతాయి.

పలుచగా వచ్చిందో లేదో చూసుకోవడానికి స్వీడన్‌లో ఒక సరదా పరీక్ష ఉంది: బిస్కెట్‌ను అరచేతిలో పెట్టుకొని, మనసులో ఒకటి కోరుకొని, వేలి కణుపుతో నడుమ నొక్కుతారు. సరిగ్గా మూడు ముక్కలైతే కోరిక తీరుతుందంటారు. మందంగా ఒత్తిన బిస్కెట్‌తో మాత్రం వేలు నొప్పి తప్ప ఏమీ మిగలదు.

## 5. గ్లోగ్

### 5.1 మసాలా సారం

- దాల్చినచెక్క 2 ముక్కలు
- లవంగాలు 12
- యాలకులు 10, నొక్కి పగలగొట్టినవి
- శొంఠి కొమ్ము చిన్న ముక్క
- ఎండిన చేదు నారింజ తొక్క 2 ముక్కలు
- వోడ్కా 100 మి.లీ.

చేదు నారింజ తొక్క స్వీడన్‌లో పొమెరాన్స్ పేరుతో మసాలాల అరలోనే దొరుకుతుంది. లేనప్పుడు మామూలు నారింజ తొక్కను పలుచగా చెక్కి ఎండబెట్టుకోండి. లోపలి తెల్లపొర ఏమాత్రం మిగలకూడదు, చేదు ఎక్కువగా వచ్చేది దాన్నుంచే.

అన్నిటినీ సీసాలో వేసి మూతపెట్టి మూడు నుంచి ఐదు రోజులు ఉంచి వడగట్టండి. పొడులు వాడకండి, గ్లోగ్ మసకబారుతుంది, అడుగున మడ్డి మిగులుతుంది. లవంగాల లెక్కలో ఉజ్జాయింపు కూడదు, నాలుగు ఎక్కువైనా మిగిలిన రుచులన్నీ దాని కింద అణిగిపోతాయి.

### 5.2 వేడి చేయడం

1. రెడ్ వైన్ 750 మి.లీ., చక్కెర 100 గ్రాములు అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి సన్నని సెగ మీద కరిగించండి. ఖరీదైన వైన్ అక్కర్లేదు, పుల్లగా లేనిదైతే చాలు.
2. పొయ్యి ఆర్పి, గిన్నెను పక్కకు దించాకే వడగట్టిన సారం పోయండి. గ్యాస్ మంట పక్కన వోడ్కా పోస్తే ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది.
3. మళ్లీ సన్నని సెగ మీద పెట్టి, 70 డిగ్రీల దగ్గర ఆపండి. ఉపరితలం మీద ఆవిరి లేవాలి, అంచుల్లో బుడగలు రాకూడదు.

ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గ్లోగ్‌ను తెర్లనిస్తే ఆల్కహాల్‌తో పాటు సువాసనా పోతుంది, మిగిలేది వగరు. చేదెక్కిన గ్లోగ్‌ను చక్కెరతో సరిచేయబోయి ఇంకా పాడుచేసుకుంటారు. దానికి బదులు ఒక గ్లాసు ఆపిల్ రసం కలిపి చూడండి.

చిన్న కప్పు అడుగున నాలుగైదు ఎండుద్రాక్షలు, తొక్క తీసిన రెండు మూడు బాదం పప్పులు వేసి, పైన గ్లోగ్ పోసి, చిన్న చెంచాతో సహా ఇవ్వాలి. బాదంను మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి చల్లనీళ్లలోకి మారిస్తే తొక్క వేళ్లతోనే జారిపోతుంది.

తియ్యగా, వెచ్చగా ఉండటంతో ఎంత తాగామో తెలియదు. స్వీడన్‌లో బండి నడపడానికి రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.2 ప్రొమిల్ (వెయ్యి వంతుల్లో 0.2 వంతు) మాత్రమే కాబట్టి, తాగినవారు ట్రామో బస్సో ఎక్కడమే మంచిది.

### 5.3 ఆల్కహాల్ లేని గ్లోగ్

పిల్లలకూ, మద్యం ముట్టనివారికీ స్వీడన్‌లో ఇది చాలా ఇళ్లలో పక్కనే ఉంటుంది. ఇది బదులు సరుకు కాదు, సరిగ్గా చేస్తే దీని రుచి దీనిదే.

పై మసాలా దినుసులనే 250 మి.లీ. నీటిలో పది నిమిషాలు సన్నగా కాచి, మూతపెట్టి రాత్రంతా వదిలేసి వడగట్టండి. నల్లద్రాక్ష రసం 500 మి.లీ., ఆపిల్ రసం 250 మి.లీ. కలిపి వెచ్చబెట్టండి. స్వీడన్‌లో ఉన్నవారు ద్రాక్ష బదులు బ్లాక్‌కరెంట్ పానీయం వాడితే పులుపూ రంగూ ఇంకా బాగుంటాయి. రసాల్లోనే తీపి ఉంటుంది కనుక చక్కెర చివర్లో, రుచి చూశాకే వేయాలి. చప్పగా అనిపిస్తే చక్కెర కంటే ముందు ఒక చెంచా నిమ్మరసం వేసి చూడండి.

## 6. క్నెక్

మన ఇళ్లలో అరిసెల పాకం పట్టిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. చిక్కని క్రీమ్, చక్కెర, సిరప్ మూడూ 200 మి.లీ. చొప్పున పెద్ద గిన్నెలో వేసి సన్నని సెగ మీద కాచండి. బాగా పొంగుతుంది కాబట్టి గిన్నె సగానికి మించి నిండకూడదు. 122 డిగ్రీలు రావడానికి అరగంట పైనే పట్టవచ్చు.

థర్మామీటరు లేకపోతే చల్లనీళ్లలో చుక్క వేయండి. వేళ్ల మధ్య ఉండ కడితే దించి, తరిగిన బాదం 40 గ్రాములు, చెంచాడు వెన్న కలిపి, చిన్న కాగితపు గిన్నెల్లో పోయండి. ఉండ మెత్తగా ఉండగా దించితే సాగే టాఫీ, గట్టిపడ్డాక దించితే పళ్లకు పని. ఫ్రిజ్‌లో దాచుకోవాలి. కాగుతున్న పాకం చర్మం మీద పడితే నీటికంటే ఘోరంగా కాలుస్తుంది. ఆ సమయంలో పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి.

## 7. యూల్‌మస్ట్, ముమ్మా

యూల్‌మస్ట్ ఇంట్లో చేసేది కాదు, కొనుక్కోవలసిందే. మాల్ట్, హాప్స్, మసాలాల రుచి ఉండే, ఆల్కహాల్ లేని ముదురు రంగు శీతల పానీయం ఇది. బాగా చల్లబరిచి, గ్లాసును వంచి నెమ్మదిగా పోయాలి, లేకపోతే నురగే మిగులుతుంది.

ముమ్మా మాత్రం బల్ల దగ్గరే కలుపుకునే పానీయం. పోర్టర్ అనే ముదురు రంగు బీరు, మామూలు లేత బీరు, తియ్యని తెల్ల సోడా సమానంగా తీసుకొని, చిటికెడు యాలకుల పొడి, కావాలంటే కొంచెం జిన్ వేస్తారు. అన్నీ విడివిడిగా చల్లబరచి, వడ్డించే క్షణంలో పెద్ద జగ్గులో కలపాలి. యాలకుల పొడిని జగ్గు అడుగున ముందే వేయండి. నిండిన జగ్గులో చల్లితే పానీయమంతా పైకి పొంగి బల్ల మీద ఉంటుంది.

## 8. లూసియా ఉదయం వడ్డన

- ముందే కాల్చి ఫ్రీజర్‌లో దాచిన బన్నులైతే ముందు రాత్రే బయటికి తీసి, సంచిలోనే ఉంచి మంచు కరగనివ్వాలి.
- తినే ముందు అల్యూమినియం రేకులో చుట్టి 150 డిగ్రీల వద్ద ఐదు నిమిషాలు వెచ్చబెట్టాలి. మైక్రోవేవ్ అయితే ఒక్కో బన్నుకు 15 సెకన్లు చాలు. అంతకు మించితే చల్లారగానే రబ్బరులా సాగుతుంది.
- పెప్పర్‌కాకోర్ డబ్బాను అతిథులు కూర్చున్నాకే తెరవాలి.
- గ్లోగ్‌ను గిన్నెలో పొయ్యి మీదే వదిలేయకుండా, వేడినీళ్లతో కడిగిన థర్మాస్ ఫ్లాస్కులోకి మార్చాలి. ఆల్కహాల్ ఉన్నదీ లేనిదీ రంగులో ఒకేలా ఉంటాయి కనుక ఫ్లాస్కుల మీద పేరు రాసిన కాగితం అంటించడం మరవకండి.